నేను ఫ్రెంచి వాద్యనామములు నేర్చిన విధము

పరభాషాపదములను వల్లించుటకంటె విసుగు పుట్టించు పని విద్యార్థిదశలో మఱియొకటి లేదని నేనొకప్పుడు తలచెడివాడను. ఆ తలంపు ఒక వేసవిసెలవులలో, ఒక్క మాట మూలమున మాఱిపోయినది. ఆ మాట నేటికిని నన్ను సిగ్గుపఱచుచునే యున్నది. ఈ పాఠశాల పూర్వవిద్యార్థిగా వార్షికసంచికకు ఏదైన వ్రాసి పంపుమని కోరినప్పుడు నాకు గొప్పసంగతులేవియు తోచలేదు. ఈ చిన్నసంగతియే తోచినది. చదువరులగు చిన్నవారికి కొంత యుపయోగింపగలదను నమ్మకముతో వ్రాయుచున్నాను.

మా యూరు గౌతమీతీరమున ఎదుర్లంకకు చేరువ నున్నది. ఏటికి ఆవలియొడ్డున యానాము. ఇప్పుడు వారధిమీద కొద్ది నిమిషములలో దాటుచున్నారుగాని, నా చిన్నతనమున వారధి లేదు, పంటెక్కి పోవలసినదే. యానాము 1954వ సంవత్సరమువఱకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. ఆ సంవత్సరముననే మా తాతగారు, ఊరు విడిచి పోవుచున్న యొక యుద్యోగికడ ఒక ఫిడేలు కొనిరి. తాతగారప్పుడు ఎలిమెంటరీ పాఠశాలలో ఉపాధ్యాయులు. ఒక నెల జీతమంతయు ఆ పెట్టెకే చెల్లినదని మా నాయనమ్మ బ్రతికినన్నినాళ్లు దెప్పుచునే యుండెడిది.

తాతగారు సంగీతమున పండితులు కారు. రెండేండ్లు మాత్రము ఒక గురువుకడ నేర్చుకొని, పిదప విని పట్టుకొన్నదే వారి విద్య. దీపము పెట్టిన వెనుక అరుగుమీద గోడకానుకొని కూర్చుండి గంటసేపు వాయించెడివారు. వీధిని పోవువారిలో కొందఱు నిలిచి వినెడివారు, కొందఱు నిలువక పోయెడివారు. తాతగారు ఎవరివంకను చూచెడివారు కారు.

ఆ ఫిడేలు కడుపులో ఒక కాగితపుముక్క అతికింపబడి యుండెను. పైపలకకు ఇరువైపుల నుండు వంకర రంధ్రములలో నొకదానినుండి తొంగిచూచినచో కొన్ని యక్షరములు కనబడెడివి. అందు “స్ట్రాడివేరియస్” అను పేరొకటి యున్నదని తాతగారు నాకు చూపిరి. అతడు 1737వ సంవత్సరమున మరణించిన ఇటలీదేశపు పనివాడనియు, అతని చేతి ఫిడేళ్లకు వెల కట్టలేరనియు తరువాత ఎవరో చెప్పగా వింటిని. నాటినుండి తక్కిన యక్షరములు కూడ చదువవలెనను కోరిక నన్ను పీడింపసాగినది. తీగలును, వాని క్రింది గుఱ్ఱమును అడ్డు వచ్చుచున్నవి గాని లేకున్న అంతయు కనబడునని నా పసిబుద్ధికి తోచెను.

1986వ సంవత్సరము వేసవిలో, నాకు పదునొకండేండ్ల వయసున, తాతగారు పెండ్లికని రామచంద్రపురము పోయిరి. నేను పెట్టె తెఱచి నాలుగు బిరడలును ఒక్కసారిగా వదులు చేసితిని. గుఱ్ఱము ఒరిగి పడినది. ఆ వెంటనే లోపల టక్కుమని ఏదో రాలిన చప్పుడైనది. నా గుండె జల్లుమన్నది. అయినను వచ్చిన పని మానక, చేతిదీపపు వెలుతురున ఆ కాగితముమీది యక్షరములను నా నోటుపుస్తకములో ఎక్కించుకొంటిని. అవి ఇంగ్లీషు అక్షరములేగాని మాటలు ఇంగ్లీషువి కావు.

పిదప ఫిడేలును కదపి చూడగా లోపల ఏదియో దొర్లుచుండెను. తలక్రిందుగా పట్టి విదలించితిని. కొంతసేపటికి రంధ్రమునుండి ఒక పుల్ల జాఱి నా యొడిలో పడినది. రెండంగుళముల పొడవు, పెన్సిలుకన్న సన్నము, కొనలు రెండును నున్నగా కోయబడి యున్నవి. విఱిగిన గుఱుతు లేదు; ఎక్కడను జిగురు అంటిన జాడయు లేదు. కావున ఎప్పుడో లోపల పడిపోయిన పనికిమాలిన పుల్ల యనుకొంటిని. నిజముగా అట్లే యనుకొన్నవాడనైతినేని తాతగారికి చూపి యుండవలసినది. చూపలేదు. ఇంటిముందఱి కాలువలో పాఱవైచి, గుఱ్ఱమును నిలిపి, తీగలు బిగించి, ఫిడేలును పెట్టెలో నెప్పటివలె నుంచితిని.

తాతగారు మరునాటి సాయంకాలము వచ్చి కమాను చేత బట్టిరి. ఒక్క గీటు గీసి ఆగిరి. మఱల శ్రుతి సవరించుకొని వాయించిరి. ఆ నాదము బొంగురుపోయిన గొంతువలె డొల్లగా వినబడెను. కమానుకు రోజను రాచి చూచిరి. కాకినాడనుండి క్రొత్తతీగలు తెప్పించి కట్టిరి. గుఱ్ఱమును ముందునకును వెనుకకును జరిపిరి. వారముదినములిట్లు కడచిన పిమ్మట నాయనమ్మతో, “తీగల తప్పు కాదే. నా చెవి పోయినది, చేయియు పోయినది. డెబ్బదియేండ్లు వచ్చినవి గదా!” అని, ఫిడేలును పెట్టెలో బెట్టి అటకమీద కెక్కించిరి. నేనా మాటలను గుమ్మముకడ నిలిచి వింటిని. విని యూరకుంటిని.

ఇక ఫ్రెంచి సంగతి. ఇంటర్మీడియట్లో చేరినప్పుడు మార్కులు సులువుగా వచ్చునని పదిమందితోపాటు నేనును ఫ్రెంచిని ద్వితీయభాషగా తీసికొంటిని. మొదటి యేడాది చదువు అంతంతమాత్రముగా సాగినది. మా పాఠములలో వాద్యముల పేరులు ముప్పదివఱకు గల పట్టిక యొకటి యుండెను. దానిని ఎక్కములవలె వల్లించి పరీక్షకు పోయితిని. “తాఁబూర్” అన్న మాటకెదురుగా “తంబుర” అని ధైర్యముగా వ్రాసి వచ్చితిని. తాఁబూర్ అనగా కఱ్ఱలతో వాయించు డోలు! తీగలవాద్యమును తోలువాద్యముతో ముడివెట్టిన ఘనుడ నని తరగతియంతయు నవ్వినది. 1992వ సంవత్సరపు వేసవిలో మా తండ్రిగారు, యానాములో పూర్వము ఫ్రెంచి బడిలో చదువుకొన్న ఒక వృద్ధోపాధ్యాయునికడకు నన్ను పంపిరి. ఉదయము పంటు దాటి పోయి, మధ్యాహ్నపు పంటులో తిరిగి వచ్చుచుండెడివాడను.

మాష్టారు మొదటిదినమున నా పట్టిక చూచి, “బాబూ, ఇవి ఇంటిపేరులు లేని పేరులు” అనిరి. ఫ్రెంచిలో ప్రతినామవాచకమునకును లింగభేదము కలదు. పుంలింగమైన “ల,” స్త్రీలింగమైన “లా” అను చిన్నమాట ముందు చేరును. మన తెలుగున వాద్యములన్నియు అమహద్వాచకములే. వీణకును మద్దెలకును భేదము లేదు. వారికి ఫిడేలు మగది: ల వ్యొలోఁ. వేణువు ఆడుది: లా ఫ్ల్యూత్. డోలు మగది, బూర ఆడుది: ల తాఁబూర్, లా త్రోఁపెత్. ఎందుకని అడిగిన సమాధానము లేదు. పెద్ద ప్రార్థనామందిరములలో నుండు గొట్టముల వాద్యము “ఓర్గ్” అనునది మఱింత చిత్రము. ఒకటిగా చెప్పునప్పుడు అది పుంలింగము. ఘనముగా బహువచనమున చెప్పునప్పుడు స్త్రీలింగము. “మాటను ఒంటిగా నేర్చిన అది నిలువదు. దాని ముందఱి చిన్నమాటతో కూడ నేర్చుకొనుము. మనిషిని ఇంటిపేరుతో గుర్తుంచుకొందుము గదా” అని మాష్టారు చెప్పిరి.

ఉచ్చారణకు వారు చూపిన యుపాయము మఱపురానిది. ఫ్రెంచిలో కొన్ని యచ్చులు ముక్కుతో పలుకవలెను. నేను “వ్యొలోన్” అనుచుంటిని. మాష్టారు పలకమీద “వ్యొలోఁ” అని అరసున్నతో వ్రాసి, “పూర్వము మన అరసున్న ఇట్లే ముక్కుతో పలుకబడెడిదని పండితులందురు. మీరు దానిని దండుగయని త్రోసివైచితిరి. ఇప్పుడు పరదేశపు మాట పలుకుటకు అదియే అక్కఱకు వచ్చినది” అని నవ్విరి. వ్యాకరణపుతరగతిలో అరసున్నను తిట్టుకొన్న నేను నాటినుండి దానిని గౌరవింప నేర్చితిని.

క్రియాపదముకడ మఱియొక చిక్కు. మనము వీణ మీటుదుము, మద్దెల వాయింతుము, సన్నాయి ఊదుదుము, తాళము వేయుదుము. ఒక్కొక్క వాద్యమునకు చేతిపనినిబట్టి ఒక్కొక్క క్రియ. ఫ్రెంచివారికి సామాన్యముగా అన్నిటికిని “జూఎ” అను నొక్కటే క్రియ, బంతియాటకును అదియే. అయిన భేదమెట్లు తెలియును? ఆటయైనచో “ఆ” అను నవ్యయమును, వాద్యమైనచో “ద” అను నవ్యయమును చేర్తురు. “జ జూ ద్యు వ్యొలోఁ” అనగా నేను ఫిడేలు వాయించుచున్నాను. అవ్యయమును తాఱుమాఱు చేసినచో ఫిడేలుతో బంతియాట యాడినట్లుండునని మాష్టారనిరి.

పేరులకు వెనుక కథలుండుట తెలిసినకొలది నా విసుగు తగ్గసాగినది. “ఓబ్వా” అను వాద్యము మన సన్నాయివలె రెండు రెల్లుపీకెల నడుమనుండి ఊపిరి పోనిచ్చి ఊదునది. “ఓ” అనగా ఉచ్చమైనది, “బ్వా” అనగా కఱ్ఱ. అనగా గట్టిగా పలుకు కఱ్ఱ. ఇంగ్లీషువారు తీసికొన్న పేరును దీనినుండి పుట్టినదే. “కోర్ ఆఁగ్లె” అనగా ఇంగ్లీషు కొమ్ము అని యర్థము. అది ఇంగ్లాండులో పుట్టినది కాదు, కొమ్మును కాదు. ఓబ్వాకు పెద్దయన్న వంటి కఱ్ఱవాద్యము. మన భజనలలోను బడులలోను మ్రోగు హార్మోనియము పారిసు నగరమున 1840 ప్రాంతమున దెబెఁ అను పనివాని చేతిలో రూపొందినదే. ఆ పేరును మనము నేర్వనక్కఱలేదు, పుట్టినది మొదలు ఎఱిగినదే.

“వ్యొలోఁ దాఁగ్ర్” అనగా ఆఁగ్ర్‌గారి ఫిడేలు అను పలుకుబడి యొకటి కలదు. ఆఁగ్ర్ 1780 మొదలు 1867 వఱకు జీవించిన గొప్ప చిత్రకారుడు. చిత్రలేఖనము వృత్తియైనను ఫిడేలుపై ఆయనకు మక్కువ మెండు. యౌవనమున తూలూజ్ నగరపు వాద్యబృందములో వాయించిన వాడు. ఆయన పుట్టిన మోఁతోబాఁ పట్టణపు చిత్రశాలలో ఆ ఫిడేలు నేటికిని భద్రపఱుపబడి యున్నది. కావున జీవనోపాధికి వెలుపల మనిషి ప్రాణప్రదముగా పెంచుకొను రెండవవిద్యను వారు ఆఁగ్ర్‌గారి ఫిడేలందురు. అది వినగానే నాకు అరుగుమీది తాతగారు స్ఫురించిరి. మాష్టారితో వారి ఫిడేలుసంగతి చెప్పి, మరునాడు నా పాతనోటుపుస్తకమును తీసికొనిపోయి చూపితిని.

మాష్టారు కండ్లద్దములు సవరించుకొని చదివిరి. “కొపీ ద అన్నారు. స్ట్రాడివేరియస్ చేసిన మాదిరికి నకలని యర్థము. ఇట్టి కాగితములతో మిర్‌కూర్ అను నూర ఎన్నియో ఫిడేళ్లు చేసి దేశదేశములకు పంపిరి” అని చెప్పిరి. మిర్‌కూర్ తూర్పుఫ్రాన్సులోని వోజ్ మండలమునందలి చిన్నపట్టణము. తరతరములుగా ఫిడేళ్ల పనికి పేరుపడినది. పందొమ్మిదవ శతాబ్దమున పారిసులో మేటియైన వీయోమ్ అను పనివాడు 1798వ సంవత్సరమున అచ్చటనే పుట్టెను. ఫిడేళ్లు చేయువానిని ఫ్రెంచిలో “ల్యూత్యే” అందురు. ల్యూత్ అను పాతకాలపు తీగలవాద్యము పేరు ఆ వృత్తికి నిలిచిపోయినది.

“ఫిడేలు ఇంటిలో నున్నది గనుక దాని యవయవముల పేరులు కూడ నేర్చుకొనుము” అని, మాష్టారు బొమ్మల నిఘంటువొకటి తెఱచి ఒక్కొక్కటే చూపసాగిరి. కమాను “ఆర్షె”, విల్లు అను మాటనుండి వచ్చినది. మెడ “మాఁష్”, చొక్కాచేతికిని ఆ మాటయే చెల్లును, లింగము మాత్రము మాఱును. బిరడ “షవీయ్”, కాలిచీలమండకును అదే పేరు. పైపలకమీది రంధ్రములు “వీ”. వినికిడికిని, చేప మొప్పలకును అదే మాట. అప్పుడే వంటయింటిలోనికి పోవుచున్న చేపను ఆపించి, మొప్ప యెత్తి చూపి, “ఇదియు వీయే!” అనిరి. నేను నవ్వుచు వ్రాసికొనుచుంటిని.

“ఇక చివరిది. పైకి కనబడదు. లోపల నుండును. ఆమ్” అనిరి.

“ఆమ్ అనగా నేమండీ?”

“ఆత్మ” అనిరి మాష్టారు. “పైపలకకును వెనుకపలకకును నడుమ, గుఱ్ఱపు కాలొకదాని వెనుకగా ఒక సన్నపుల్ల నిలువబెట్టుదురు. దానికి జిగురు పెట్టరు. తీగల బిగువుచేతనే అది నిలుచును. పైపలకలోని అదురును వెనుకపలకకు అందించునది అదియే. తీగలన్నియు ఒక్కసారి వదులు చేసిన పడిపోవును. అది లేనిదే ఫిడేలు పలుకదు; పలికినను డొల్లగా పలుకును. అందుచేత వారు దానిని ఆత్మ యన్నారు.”

నా చేతిలోని కలము నిలిచిపోయినది. రెండంగుళముల పొడవు, పెన్సిలుకన్న సన్నము, కొనలు నున్నన, జిగురు జాడ లేదు. ఆఱేండ్లకు పూర్వము నేను కాలువలో పాఱవైచిన దేమో నాకప్పుడు తెలిసినది. తాతగారి చెవి పోలేదు. చేయి పోలేదు. వారి చెవి సరిగా విన్నది గనుకనే వాద్యమును మాని వేసిరి. తమ ముసలితనమని వారు నమ్మినది నా దొంగతనము.

ఆనాడు మధ్యాహ్నపు పంటులో మా యూరి రేవు చేరువఱకు నేను చెప్పవలసిన మాటలను కూర్చుకొనుచునే యుంటిని. ఇల్లు చేరగానే అవన్నియు పోయినవి. తాతగారు అరుగుమీద వార్తాపత్రిక చదువుకొనుచుండిరి. వారి కాళ్లకడ కూర్చుండి జరిగినదంతయు చెప్పితిని. వారు పత్రిక మడచి ప్రక్కన బెట్టిరి. చాలసేపు మాటాడలేదు. నన్ను కొట్టినను బాగుండు ననిపించెను. కడకు మెల్లగా, “ఆ రోజుననే చెప్పియుంటివేని ఈ ఆఱేండ్లు వాయించుకొనియుందును గదా, నాయనా” అనిరి. అంతే. తరువాత ఆ సంగతి వారెన్నడును ఎత్తలేదు. ఆ ఒక్కవాక్యము నాకు నేటికిని చాలియున్నది.

ఆ రాత్రియే అటకమీదినుండి పెట్టె దించితిమి. పదిదినముల తరువాత తాతగారిని తోడ్కొని విజయనగరము పోయితిని. అచ్చట ఫిడేళ్లు బాగుచేయు ఒక పనివాడు సన్నని పుల్ల చెక్కి, వంకర యినుపకడ్డీ కొనకు గ్రుచ్చి, రంధ్రమునుండి లోనికి పోనిచ్చి నిలువబెట్టెను. వెండ్రుకవాసి ఇటు జరిపిన నొక పలుకు, అటు జరిపిన నొక పలుకు. మూడుమాఱులు తీసి మూడుమాఱులు పెట్టినపిమ్మట తాతగారు కమాను గీసిరి. నాదము నిండుగా వచ్చినది. కాని ఆఱేండ్లు మానిన వ్రేళ్లు వెనుకటివలె వంగలేదు. మొదటి వర్ణమునే రెండుచోట్ల తప్పి, తల యడ్డముగా ఊపి, మఱల మొదటినుండి యెత్తుకొనిరి.

తిరిగి వచ్చునప్పుడు రైలులో నా పట్టికను వారికి వినిపించితిని. తీగల క్రింది గుఱ్ఱమును “షవలె” అందురనియు, షవల్ అనగా గుఱ్ఱమనియు చెప్పగా తాతగారు లేచి కూర్చుండిరి. “వారిదియు గుఱ్ఱమేనా! తీగలను మోయుదానిని చూచి సముద్రమున కావలివారికిని ఈవలివారికిని ఒక్క తలంపే వచ్చినదన్నమాట!” అని పిల్లవానివలె సంతోషించిరి. ఆ యుల్లాసమును చూచి కాగితముమీది రెండవ సంగతి చెప్పుటకు నాకు నోరాడలేదు. అయినను ఒకసారి దాచి అనుభవించినది చాలునని, అది నకలని చెప్పివేసితిని. వారు నవ్వి, “అది నాకెప్పుడో తెలియునురా. అసలైనదైనచో ఒక బడిపంతులు నెలజీతమునకు వచ్చునా?” అనిరి.

తరువాత నాలుగేండ్లు వారు జీవించిరి. ప్రతిసాయంకాలమును వాయించిరి. వేగము రాలేదు, నిదానముగా సాగు కీర్తనలనే యెన్నుకొని వాయించిరి. ఆ నాలుగేండ్లకు ముందు పోయిన ఆఱేండ్లను నేను లెక్కించుచునే యుందును.

చదువరులారా! రెండవ యేటి పరీక్షలో వాద్యముల పేరులు నా కొక్కటియు తప్పలేదు. పదమును పుస్తకమునుండి నేర్చినప్పుడు అది నా నాలుకమీద మాత్రమే యుండెను. వస్తువును తాకి, మన భాషలోని పేరు ప్రక్కన బెట్టి, దాని వెనుకటి కథ విని నేర్చినప్పుడు నాలో నిలిచినది. మీరును క్రొత్తభాష నేర్చునప్పుడు అట్లు చేసి చూడుడు. ఆ భాష మీ యింటిలోని వస్తువునే మీకు క్రొత్తగా చూపవచ్చును. ఒక్కొక్కప్పుడు మీరు చేసిన తప్పునుగూడ చూపవచ్చును. అట్లు చూపినప్పుడు ఆ దినముననే పోయి చెప్పివేయుడు. ఫిడేలు ఇప్పుడు నాకడ నున్నది. తీగలు మార్చవలసి వచ్చినప్పుడు ఒకటి విప్పి, దాని చోట క్రొత్తది బిగించిన పిమ్మటనే రెండవదానిని ముట్టుకొందును.